చుక్కల దుప్పిని నడిచి సమీపించే వేటకు చప్పుడు చేయని బూట్లు ఏవి?

ప్రశ్న: మెస్కీట్‌నీడ (ఆస్టిన్)

నమస్కారం. టెక్సస్ హిల్ కంట్రీలో ఒక ర్యాంచ్ యజమాని అనుమతితో, రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సుతో, వచ్చే జూన్‌లో చుక్కల దుప్పి వేటకు వెళ్లబోతున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువును వేటాడనివ్వదు, వేటాడనివ్వకూడదు కూడా. అయితే 1932లో టెక్సస్‌కు తెచ్చిన దుప్పులు ఇక్కడ బాగా పెరిగిపోయి స్థానికమైన తెల్లతోక జింకల మేతకు పోటీగా నిలిచాయి. స్థానికేతర జంతువు కనుక వాటికి నిర్ణీత వేట కాలమంటూ లేదు. చర్చ అటువైపు మళ్లకూడదని ఈ విషయం ముందే చెబుతున్నాను.

నా ప్రశ్న పాదరక్షల గురించి మాత్రమే. మంచె మీద కూర్చొని, మొక్కజొన్న గింజలు చల్లే యంత్రం దగ్గరకు జంతువు వచ్చేదాకా కాచుకొనే పద్ధతి కాకుండా, నేల మీద నడుస్తూ మందను వెతికి, గాలికి ఎదురుగా మెల్లగా దగ్గరకు చేరాలని నా ఉద్దేశం. చేతిలో ఉండేది కాంపౌండ్ విల్లు (కొనల్లో కప్పీలు ఉండే విల్లు) కాబట్టి 30–40 గజాల లోపలికి చేరితే తప్ప బాణం వదలలేను. ప్రస్తుతం నా దగ్గర ఉన్నవి మోకాలి కిందివరకు వచ్చే, పాము కోరలు దిగని గట్టి బూట్లు. ఎండుటాకుల మీద వాటితో అడుగు వేస్తే అప్పడాలు నలిపినట్టు వినిపిస్తుంది, పైగా ఎండ ఎక్కేసరికి పాదాలు ఉడికిపోతాయి.

మెత్తటి సోలు ఉన్న తేలికపాటి బూట్లు తీసుకుందామంటే అక్కడి నేలంతా సున్నపురాయి ముక్కలు, నాగజెముడు, మెస్కీట్ చెట్ల ముళ్లు. చివరి కొద్ది గజాలు బూట్లు విప్పి మేజోళ్లతో నడవమని కొందరు చెబుతున్నారు. అది ఆ నేల మీద సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: సున్నపుబండ (కెర్విల్ దగ్గర)

మీరు అడిగిన నేల మీదే నేను ఏటా నడుస్తాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

చప్పుడుకు అసలు కారణం సోలు గట్టిదనం. గట్టి సోలు కింద ఎండుపుల్ల ఉన్నా మన బరువంతా దాని మీద పడేదాకా పాదానికి ఆ సంగతి తెలియదు, తెలిసేసరికి అది విరిగిపోతుంది. మునివేళ్ల వెనుక సులువుగా వంగే సోలు అయితే పుల్ల పాదానికి తగలగానే అడుగు వెనక్కి తీసుకొని ఇంకోచోట పెట్టగలుగుతాం. కొట్టులో బూటు చేతిలోకి తీసుకొని, ముందు భాగాన్నీ మడమనూ పట్టుకొని వంచి చూడండి. మునివేళ్ల దగ్గర వంగి, పాదం మధ్యలో మాత్రం నిలబడాలి. మధ్యలో కూడా మడత పడితే సాయంత్రానికి ఆ రాళ్ల మీద అరికాలు నొప్పి తప్పదు. ఎక్కడా వంగకపోతే అది బరువు మోస్తూ కొండలెక్కేవారి బూటు, మీకు పనికిరాదు.

రెండోది సోలు కింది గ్రిప్. లోతైన గాడులు కొండ వాలులో పట్టు ఇస్తాయన్నది నిజమే, కానీ ఇక్కడ ఆ గాడుల మధ్య చిన్న సున్నపురాళ్లు ఇరుక్కుంటాయి. తర్వాత ఏ బండ మీద అడుగు వేసినా టక్కుమని మోగుతుంది, రాయి మీద రాయి మోగిన శబ్దాన్ని దుప్పి ఎన్నడూ పట్టించుకోకుండా ఉండదు. గాడులు తక్కువ లోతుతో, ఒకదానికొకటి దూరంగా ఉన్న సోలు తీసుకోండి. నున్నటి క్రేప్ రబ్బరు సోలు అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది గాని, వాన పడిన సున్నపుబండ మీద అది జారుతుంది.

పై భాగం గురించి చాలామంది ఆలోచించరు. బూటు పక్కభాగాన్ని గోటితో గీకి చూడండి. గట్టి నైలాన్ అయితే గర్రుమంటుంది. అగరిటా అనే ముళ్ల పొద రాసుకున్నప్పుడు వచ్చేదీ అదే శబ్దం. నూగు పైకి ఉండేలా కుట్టిన మెత్తటి తోలు అయితే దాదాపు ఏమీ వినిపించదు. కొత్త తోలు మాత్రం నాలుక దగ్గర, మడత దగ్గర కిర్రుమంటుంది. ఊళ్లో కిర్రు చెప్పులు వేసుకొని నడవడం దర్జా కావచ్చు, ఇక్కడ మాత్రం వేట చెడుతుంది. అందుకని వేటకు ముందే కొన్ని వారాలు ఇంటి చుట్టూ వేసుకొని తిరిగి, మడతలు మెత్తబడనివ్వాలి.

ముళ్ల విషయానికి వస్తే, మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. దాని ముల్లు పలుచని సోలును సూటిగా దాటేస్తుంది. కొండదారుల్లో పరుగెత్తేవారి కోసం చేసే కొన్ని బూట్లలో పాదం కింద పలుచని ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది వంగుతుంది, రాతి మొనను ఆపుతుంది, ముల్లును కూడా చాలావరకు ఆపుతుంది. చీలమండ వరకు వచ్చే అలాంటి తేలికపాటి బూటే నా ఎంపిక. నీరు దిగని పొర ఉన్నవి మాత్రం జూన్‌లో వద్దు. ఆ ఎండలో చెమట బయటకు పోక మేజోళ్లు తడిసి, పాదం లోపల జారి, బొబ్బలు లేస్తాయి.

ఇక్కడ ఒక మాట. ఎవరైనా మీకు అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రపు పాత వేట బూటు గొప్పదని చెప్పవచ్చు. 1912లో లియోన్ లియోన్‌వుడ్ బీన్ రబ్బరు అడుగుకు తోలు పైభాగం కుట్టి అమ్మినప్పుడు, మొదటి 100 జతల్లో 90 జతలు కుట్లు ఊడి తిరిగి వచ్చాయట, ఆయన అందరికీ డబ్బు తిరిగి ఇచ్చి నమూనా సరిదిద్దాడు. నిజంగానే అది నేల తెలిసే పలుచటి సోలు, తడి అడవిలో చక్కటి బూటు. కానీ అది చలికీ బురదకూ పుట్టింది. హిల్ కంట్రీ జూన్ ఎండలో రబ్బరు గిన్నెలో పాదం పెట్టుకొని నడవడం శిక్షే.

జవాబు: పడమటిగాలి

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే, పాముల సంగతి తేలికగా తీసుకోవద్దని మనవి. వేసవిలో ర్యాటిల్ స్నేకులు (తోకను గిలక్కాయలా మోగించే విషసర్పాలు) పగటి ఎండకు రాళ్ల కింద దాక్కొని, తెల్లవారుజామునా సందె వేళా బయటకు వస్తాయి; మీరు దుప్పుల కోసం నడిచేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. మామూలు నడకలో ముందున్న నేలను చూస్తాం గాని, మందను కనిపెట్టాక మన కళ్లు జంతువు మీదే ఉంటాయి. అందువల్ల తేలికపాటి బూటు వేసుకొని, దాని మీద పిక్కలకు పాము కాటును ఆపే గెయిటర్లు కట్టుకోవడం మంచిది. వాటి పైగుడ్డ గట్టిది కనుక రెండు పిక్కలూ ఒకదానికొకటి రాసుకుంటే చప్పుడవుతుంది. లోపలి వైపున పాత ఉన్ని కంబళి ముక్క కుట్టిస్తే ఆ సమస్య పోతుంది.

మేజోళ్లతో నడవమన్న సలహాను మాత్రం ఆ నేల మీద పాటించకండి. గడ్డి మైదానాల్లోనూ మెత్తటి మట్టి మీదా అలా దగ్గరకు చేరేవారు ఉన్నారన్నది నిజమే. కానీ నాగజెముడుకు పెద్ద ముళ్లతో పాటు కంటికి ఆనని నూగు ముళ్లు కూడా ఉంటాయి. అవి ఉన్నిలోకి దిగితే మేజోడు పారేయాల్సిందే, చర్మంలోకి దిగితే పట్టకారు పట్టుకొని దీపం దగ్గర కూర్చోవాల్సిందే.

జవాబు: నల్లమల నడక

నేను వేటగాడిని కాను, తుపాకీ గాని విల్లు గాని ఎన్నడూ పట్టలేదు. అయినా ఇదే జంతువుకు వినబడకుండా నడవడం మా పనిలో భాగం కనుక రాస్తున్నాను. పులుల గణనలో భాగంగా 2 కిలోమీటర్ల సరళరేఖా మార్గాల్లో ఉదయాన్నే నడిచి, కనబడిన దుప్పులు, కణుజులు, అడవిపందుల సంఖ్యనూ, మాకు వాటికి మధ్య దూరాన్నీ, దిక్కునూ రాసుకుంటాం. మేం చూడకముందే మా చప్పుడుకు మంద పక్కకు తొలగితే లెక్క తక్కువ వస్తుంది. టేకాకులు రాలి నేల నిండిన రోజుల్లో ఈ పని ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు.

మాలో చాలామంది వాడేది పలుచని రబ్బరు సోలు ఉన్న కాన్వాస్ బూట్లు. ఖరీదు తక్కువ, నేల స్పర్శ తెలుస్తుంది, తడిసినా త్వరగా ఆరిపోతాయి. ముళ్లకు మాత్రం అవి చాలవు. మాతో వచ్చే చెంచు వాచర్లు చాలాసార్లు మామూలు చెప్పులతోనే, మా కంటే నిశ్శబ్దంగా నడుస్తారు. గమనించి చూస్తే వారు ముందు మూడు నాలుగు అడుగులకు సరిపడా నేలను చూసుకొని, ఆకు మీద కాకుండా బయటపడిన రాతి మీదో వేరు మీదో కాలు పెట్టి, ఆ తర్వాతే తలెత్తి అడవిని చూస్తారు. నడుస్తూ చూడరు, చూస్తూ నడవరు. పాదం బయటి అంచును ముందు ఆనించి, లోపలికి దొర్లించి, ఆఖరున బరువు వేస్తారు. ఈ నడక గట్టి బూటుతో సాధ్యం కాదు కనుక సోలు గురించి సున్నపుబండ గారు చెప్పినది సరైనదే.

ఒక ఆడదుప్పి చెవులు నిక్కబొడిచి ముందుకాలితో నేలను తడుతోందంటే అనుమానం వచ్చిందని అర్థం. అప్పుడు ఎంత మెత్తటి బూటైనా కదపకూడదు. అది మళ్లీ తల దించి మేసేదాకా నిలబడిపోవాలి. చాలాసేపు ఒంటికాలి మీద నిలబడవలసి వస్తుంది కాబట్టి, మడమ ఎత్తుగా ఉన్న బూటు కంటే అడుగంతా ఒకే మట్టంగా ఉన్నది నిలకడనిస్తుంది.

మెస్కీట్‌నీడ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. గట్టి బూట్లు పక్కన పెట్టి, పలక ఉన్న తేలికపాటి బూట్లూ గెయిటర్లూ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. బూటు మీద తొడుక్కునే ఉన్ని తొడుగులు అమ్ముతున్నారు, అవి పనిచేస్తాయా? చిన్నప్పటి నుంచి చెప్పులకు అలవాటైన నా పాదం ముందువైపు వెడల్పు. ఇక్కడి బూట్లలో చిటికెనవేలు ఎప్పుడూ నలిగిపోతుంది. ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సున్నపుబండ (కెర్విల్ దగ్గర)

సైజు పెంచకండి. పొడవు ఎక్కువైతే మడమ పైకీ కిందికీ జారుతుంది, ఆ జారుడులోనే బొబ్బా పుడుతుంది, చప్పుడూ పుడుతుంది. పైగా ముందు ఖాళీగా ఉన్న బూటు కొన అడుగడుగునా రాళ్లకు తగులుతుంది. పొడవు సరిగ్గా ఉండి, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉన్నవి వెతకండి. ఆల్ట్రా వంటి కంపెనీలు వేళ్లు విచ్చుకునే ఆకారంతో, ముందూ వెనుకా ఒకే మట్టంతో చేస్తాయి. నల్లమల నడక గారు చెప్పిన నిలకడ కూడా వాటిలో దొరుకుతుంది. అయితే మట్టం మడమకు అలవాటు లేనివారికి మొదట్లో పిక్కలు పట్టేస్తాయి, కనుక ఇప్పటి నుంచే రోజూ కాసేపు వేసుకోండి. కొట్టుకు సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేటలో వేసుకోబోయే మెరీనో ఉన్ని మేజోళ్లే వెంట తీసుకెళ్లండి. వేసవి కదా అని నూలు మేజోళ్లు వేసుకోవద్దు, అవి చెమటను పట్టి ఉంచుతాయి.

ఉన్ని తొడుగులు పనిచేస్తాయి, కానీ చివరి అంకానికి మాత్రమే. బండ మీదా గట్టి మట్టి మీదా అడుగు చప్పుడును బాగా మింగుతాయి. ఎండుటాకుల మీద పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అక్కడ మోగేది సోలు కాదు, ఆకు. గడ్డిలో నడిస్తే పల్లేరు కాయలూ గడ్డి గింజలూ వాటికి అంటుకుంటాయి, వాటిని అక్కడే కూర్చొని పీక్కుంటుంటే మంద వెళ్లిపోతుంది. సంచిలో పెట్టుకొని, మంద కనబడ్డాక మధ్యలో ఉన్నది రాతినేల అయితేనే తొడుక్కోండి.

మరొక సంగతి, జూన్‌కు ప్రత్యేకమైనది. ఇక్కడి లైవ్ ఓక్ చెట్లు వసంతంలో ఆకు రాలుస్తాయి కనుక మీరు వెళ్లేనాటికి వాటి కింద గట్టిగా ముడుచుకున్న ఆకులు దట్టంగా పరచుకొని ఉంటాయి, ఏ బూటుతోనూ అక్కడ నిశ్శబ్దంగా నడవలేరు. ఇక్కడివాళ్లు సీడర్ అని పిలిచే జూనిపర్ చెట్ల కింద మాత్రం రాలిన పొడి మెత్తగా ఉంటుంది. నాలుగు అడుగులు చుట్టు తిరిగినా జూనిపర్ నీడల నుంచీ పశువులు తొక్కిన మట్టి దారుల నుంచీ వెళ్లండి. ఆ రోజుల్లో పోతుదుప్పులు మదంతో అరుస్తూ తిరుగుతుంటాయి, ఎండెక్కాక కీచురాళ్ల రొద కూడా తోడవుతుంది. అరుపు వినిపిస్తున్నంతసేపూ రెండు మూడు అడుగులు వేసి, ఆగగానే మీరూ ఆగండి. లేసుల కొనలను మాత్రం బూటు లోపలికి దోపుకోండి, వేలాడే ప్లాస్టిక్ కొన బూటుకు తగిలినా ఆ నిశ్శబ్దంలో వినిపిస్తుంది.