తుఫాను సాయం ఫెడరల్ వాళ్లు చూడాలా, రాష్ట్రమా?

ప్రశ్న (షార్లెట్ నుంచి):
2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను వచ్చి వెళ్లాక మేం నలుగురం కారు డిక్కీ నిండా నీళ్ల క్యాన్లు సర్దుకుని నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఆష్‌విల్ వెళ్లాం. ఒక పెద్దావిడ వాగులో నీళ్లు బకెట్‌తో మోసుకొచ్చి టాయిలెట్‌లో పోస్తోంది, అది ఇంకా కళ్ల ముందే ఉంది. అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చని చెప్పేసరికి నవంబరు 18 అయింది. ఇప్పుడేమో ఫెమా (విపత్తుల్లో సాయం చేసే ఫెడరల్ సంస్థ) ఎందుకు, రాష్ట్రాలే చూసుకోవాలంటున్నారు. మీరేమంటారు?

హ్యూస్టన్ నుంచి:
2017లో హార్వీ తుఫాను అప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. మమ్మల్ని పడవలో ఎక్కించుకుంది పక్క వీధి వాళ్లే అన్నా, కాబట్టి మొదటి రెండు రోజులు స్థానికులదే. కానీ తర్వాత రోడ్లు, వంతెనలు ఎవరు కడతారు? స్టాఫర్డ్ చట్టం కింద ప్రెసిడెంట్ పెద్ద విపత్తుగా ప్రకటిస్తే ఆ ఖర్చులో కనీసం 75 శాతం ఫెడరల్‌దే. టెక్సాస్ ఎలాగో తట్టుకుంటుంది, మిసిసిపీ లాంటి పేద రాష్ట్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

రాలీ (ఇదీ నార్త్ కరోలినాయే) నుంచి:
డబ్బు వాళ్లదే అయినా పెత్తనం రాష్ట్రానికే ఉండాలి. కొండల్లో ఏ దారి తెగిందో ఇక్కడి వాళ్లకే తెలుసు.

విజయవాడ నుంచి:
2024లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు కేంద్రం పంపిన ఎన్డీఆర్ఎఫ్ పడవలూ తిరిగాయి, రాష్ట్రం డ్రోన్లతో భోజనం పొట్లాలూ దింపింది. రెండో అంతస్తులో పాలు లేక ఏడ్చే పిల్లకి ఏది ముందొస్తే అదే కావాలి. ఇక్కడ కూడా రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతమే.