చైనా ఉప్పు సంస్కరణ సగంలో ఎందుకు ఆగింది?

చింగ్ వంశ పాలన గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. హువై నది ప్రాంతపు ఉప్పు అమ్మే హక్కు 1617 నుంచి కొన్ని వర్తక కుటుంబాలదే, అదీ వంశపారంపర్యంగా. పన్నులు, లంచాలు అన్నీ ధరలో కలిసి ఉప్పు ప్రియమైంది. జనం దొంగ ఉప్పు కొన్నారు, ఖజానాకి బకాయిలు మిగిలాయి.

1832లో గవర్నర్ జనరల్ తావో షు ఆ నదికి ఉత్తరానున్న హువైబెయ్‌లో ఈ గుత్తాధిపత్యాన్ని తీసేసి, పన్ను కట్టిన ఎవరికైనా చీటీ ఇప్పించాడు. అది చేతిలో ఉంటే చిన్న వ్యాపారి కూడా ఉప్పు పడవకెక్కించొచ్చు. నాకైతే భలే నచ్చింది.

కానీ నదికి దక్షిణాన, ఇంకా పెద్ద వ్యాపారమున్న హువైనాన్‌కి ఈ పద్ధతి 1850 దాకా ఎందుకు రాలేదు? అప్పటికి ఆయన పోయి 11 ఏళ్లు! అక్కడి ఉప్పు వ్యాపారానికి కేంద్రమైన యాంగ్‌జౌ నగర వర్తకులు అడ్డుపడ్డారా, లేక రాబడి పడిపోతుందని ప్రభుత్వమే భయపడిందా?