ఊపిరితిత్తుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అసలు ఎక్కడ తయారవుతుంది?

ప్రశ్న:
మా అబ్బాయికి 14 ఏళ్లు, రెండేళ్లుగా ఆస్తమా. మొన్న ఫీనో పరీక్షలో (వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలిచేది) గొట్టంలోకి ఒకే వేగంతో నిదానంగా ఊదించారు, 58 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 58) వచ్చింది. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉంది, అంటే లోపల వాపు ఉందన్నారు డాక్టరు గారు. నేను డిగ్రీలో చదువుకున్నది మాత్రం అది రక్తనాళాలను వదులు చేస్తుందని, మంచిదేనని. మరి ఎక్కువైతే వాపు ఎలా అవుతుంది? దాన్ని తయారు చేసే ఎంజైమ్ ఊపిరితిత్తుల్లో ఎక్కడుంటుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఎంజైమ్ ఒకటి కాదండీ, మూడు రకాలు. మూడూ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచే ఈ వాయువును చేస్తాయి, కానీ ఉండే చోట్లు వేరు. మీరు చదువుకున్నది ఎండోథీలియల్ రకం, అది ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరలో ఉంటుంది, కొంత శ్వాసనాళాల పొరలోనూ కనిపిస్తుంది. న్యూరోనల్ రకం శ్వాసనాళాల కండరాలకు వెళ్లే నరాల్లో ఉండి వాటిని వదులు చేయడానికి పనికొస్తుంది. మూడోది ఇండ్యూసిబుల్ రకం, ఇది శ్వాసనాళాల లోపలి గోడను కప్పే ఎపిథీలియం కణాల్లో ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ల బయాప్సీ ముక్కలకు యాంటీబాడీతో రంగు వేసి చూస్తే ఆ పొరే ముదురుగా కనిపిస్తుంది. మీ బాబు పరీక్షలో బయటపడింది ప్రధానంగా ఈ మూడో రకం పనే. రక్తనాళాల్లో పుట్టినదాన్ని అక్కడే హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది, అది ఊపిరిలోకి పెద్దగా రాదు.

జవాబు 2:
పైన చెప్పింది సరైనదే, ఒక్క మాట కలుపుతాను. ఇండ్యూసిబుల్ రకం వాపు వస్తేనే పుడుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది కానీ, ఆరోగ్యంగా ఉన్న మనుషుల శ్వాసనాళాల పొరలోనూ అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని 1995లోనే చూపించారు. అందుకే ఎవరికీ సున్నా రాదు, చూడాల్సింది ఎంత అనేదే. ఆస్తమాలో ఐఎల్-13 (రోగనిరోధక కణాలు వదిలే ఒక ప్రోటీన్) లాంటి సంకేతాలు దాన్ని బాగా పెంచుతాయి. 12 ఏళ్లు దాటినవాళ్లలో 25 లోపైతే తక్కువ, 50 దాటితే ఎక్కువ అని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో చెప్పింది. నిదానంగా ఊదమన్నది కూడా ఊరికే కాదు, వేగం మారితే అంకె మారిపోతుంది, అందుకే సెకనుకు 50 మిల్లీలీటర్లు అని పెట్టారు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆ వాపును తగ్గిస్తుంది, దాంతో అంకే దిగుతుంది. బాబు రోజూ పీలుస్తున్నాడా?

ప్రశ్న అడిగినవారు:
స్కూల్లో పరీక్షలు జరుగుతున్నాయని మూడు వారాలుగా సరిగా పీల్చలేదండీ, ఈ సంగతి డాక్టరు గారికి చెప్పనేలేదు. రేపే ఫోన్ చేసి చెబుతాను.