టీబీ ఫోరంలో సగం మంది కొత్తవాళ్లే, పని ఎలా అలవాటు చెయ్యాలి?

గట్టుమీద_గోపి:
అందరికీ నమస్తే. మా ఎన్జీఓ తరఫున జిల్లా టీబీ ఫోరంలో (టీబీ ఆఫీసర్లు, సంస్థలు, నయమైనవాళ్లు కలిసి కూర్చునే కమిటీ) నేను మెంబర్ని. బదిలీల్లో డీఎల్ఏటీఓ గారు (జిల్లాలో టీబీ పని చూసే ఆఫీసర్) మారిపోయారు, మా వైపు చూసే ఎస్టీఎస్ (పేషెంట్ల మందులు చూసుకునే ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్) కాంట్రాక్ట్ ఉద్యోగం వదిలేసి వేరే జాబ్‌కి వెళ్లిపోయాడు, ఇంకో సంస్థకి ప్రాజెక్ట్ అయిపోయి వాళ్ల కోఆర్డినేటర్ కూడా రావట్లేదు. మీటింగ్ పెడితే పరిచయాలతోనే టైమ్ అయిపోతోంది, పోయినసారి ఏం అనుకున్నామని అడిగితే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. పీపీటీ చేసి ఒకరోజు ట్రైనింగ్ పెడదామంటున్నారు మావాళ్లు. పనికొస్తుందా అసలు?

పాత_ఎస్టీఎస్:
పీపీటీ కోసం కష్టపడకండి బ్రదర్. టీబీ అంటే ఏంటో ఫోన్లో చూసుకుంటారు, మీ జిల్లాలో పని ఎక్కడ ఆగుతోందో అది ఫోన్లో దొరకదు. టీబీ టెస్టు చేసే ట్రూనాట్ మిషన్ ఏ పీహెచ్‌సీలో ఉంది, అందులో వాడే చిప్స్ అయిపోతే తెమడ శాంపిల్ ఎక్కడికి పోతోంది, నోటిఫికేషన్ (టీబీ కేసుని ప్రభుత్వానికి తెలియజెయ్యడం) 2012 నుంచే తప్పనిసరి అయినా ఇంకా చెయ్యని ప్రైవేటు డాక్టర్లు ఎవరు, ఇవి చెప్పండి. పేషెంట్‌కి ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బులు 2018లో నెలకి 500 ఉండేవి, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, చాలామంది కొత్తవాళ్లు ఇంకా 500 అనే చెప్తున్నారు, పేషెంట్ దగ్గర నమ్మకం అక్కడే పోతుంది.

ఇంకోటి, మామూలు టీబీకి ఆర్నెల్ల కోర్సు. రెండో నెలకి దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది, ఇంక మందులెందుకులే అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ఎస్టీఎస్ మారితే ఫోన్ చేసేవాళ్లే ఉండరు. కొత్తాయన వచ్చిన మొదటి వారంలో ఆ స్టేజిలో ఉన్నవాళ్లని చూపించండి, మిగతావి తర్వాత.

సరోజ_ఆశా:
సార్లు మారినప్పుడల్లా మమ్మల్ని మళ్లీ మొదట్నించి లిస్టు రాసిమ్మంటారు 😀 ఎవరు మందులు వేసుకుంటున్నారో ఎవరు దాచిపెడుతున్నారో మాకు తెలుసు, మమ్మల్ని అడగండి. నయమైనవాళ్లు టీబీ ఛాంపియన్లుగా ఉంటారు కదా, కొత్త మెంబర్ని వాళ్లతో కలిపి పంపండి. బోర్డున్న జీపులో మాత్రం రావద్దు సార్, పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంటికి అలా వస్తే తర్వాత మాకు కూడా తలుపు తియ్యరు.

రాజీ_ఎంపీహెచ్:
సరోజక్క చెప్పింది నిజమే, కానీ అంతా ఆశాల మీదే పడేస్తే ఎలా? వాళ్లకి ఇప్పటికే సర్వేలు, యాప్‌లు సరిపోతున్నాయి. నేనైతే ఒక పేజీ పెండింగ్ లిస్టు రాయమంటా, ఏ పని, ఎవరి చేతిలో, ఎక్కడ ఆగింది, అంతే. వెళ్లిపోయిన ఎస్టీఎస్‌కి కూడా ఒకసారి ఫోన్ చెయ్యండి గోపి గారూ, ఉద్యోగం వదిలేశాడు గానీ మనిషి ఎక్కడికీ పోలేదుగా, అడిగితే చెప్తాడు. పేషెంట్ల పేర్లు మాత్రం ఫోరం వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వద్దు, నిక్షయ్ (టీబీ పేషెంట్ల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) లాగిన్ పాస్‌వర్డ్ ఒకళ్లది ఇంకొకళ్లు వాడనివ్వద్దు. ఇవి చేరిన రోజే చెప్పెయ్యాలి.

గట్టుమీద_గోపి:
థాంక్సండీ, ట్రైనింగ్ వద్దని చెప్పేస్తా. ఆ పెండింగ్ పేజీ ఎవరి దగ్గర ఉండాలి? నా దగ్గర పెట్టుకుంటే రేపు మా ప్రాజెక్టూ అయిపోవచ్చు.

రాజీ_ఎంపీహెచ్:
మినిట్స్‌కి జత చేసి ప్రతి మీటింగ్‌లో మొదట అదే చదివించండి. ఒక కాపీ టీబీ ఆఫీసు ఫైల్లో, ఇంకోటి ఎవరైనా ఛాంపియన్ దగ్గర.