ఎరిస్టాలిస్ ఈగల్లో జాతిని ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: పూల మీద వాలే హోవర్‌ఫ్లైలంటే (గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే ఈగలు) నాకు చాలా ఇష్టం, ఎప్పుడూ ఫొటోలు తీస్తుంటాను. తేనెటీగలా కనిపించే ఎరిస్టాలిస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు గుర్తుపడుతున్నాను, జాతి దగ్గర ఆగిపోతున్నాను. పొట్ట మీద నారింజ మచ్చలు ఒక్కో ఈగకి ఒక్కోలా ఉన్నాయి. దేన్ని నమ్మాలి?

జవాబు: పొట్ట రంగును పక్కన పెట్టేయండి, ఒకే జాతిలోనే అది చాలా మారుతుంది. ముందు కళ్లు చూడండి. ఈ ప్రజాతిలోని టెనాక్స్ అనే జాతికి కళ్ల మీద ముదురు వెంట్రుకలు నిలువు పట్టీల్లా ఉంటాయి, ఇది నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. దాని వెనక కాళ్లు కూడా లావుగా, వంపు తిరిగి ఉంటాయి. పెర్టినాక్స్ అనే జాతికి ముందు, మధ్య కాళ్ల పాదాలు పసుపు. ఆర్బస్టోరమ్ అనే జాతి ముఖం మధ్యలో నల్ల చార ఉండదు, లేత రంగు పూత నిండా ఉంటుంది. ముసలి ఈగల్లో ఆ పూత అరిగి చార ఉన్నట్టు కనిపిస్తుంది, జాగ్రత్త.

ఇంకో జవాబు: ప్రజాతిని కూడా రెక్క చూసే ఖాయం చేసుకోండి. ఎరిస్టాలిస్ రెక్కలో ఒక ఈనె కిందికి వంగుతుంది, హెలోఫిలస్ అనే మరో హోవర్‌ఫ్లై ప్రజాతి రెక్కలోనూ అది అలాగే వంగుతుంది. కానీ దాని ఛాతీ మీద నిలువు చారలుంటాయి. రెక్క ముందు అంచున ఉన్న గది (ఈనెల మధ్య ఉండే భాగం) ఎరిస్టాలిస్‌లో మూసుకుపోతుంది, హెలోఫిలస్‌లో తెరిచే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: నా ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. కాళ్లు, ముఖం కనిపించవు.

మొదటి జవాబు ఇచ్చినవారు: అయితే వాటిని ప్రజాతి పేరుతోనే నమోదు చేయండి, జాతి ఊహించి రాయొద్దు. ఇకమీదట ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి.