సెయింట్ మార్టిన్‌లో విమానాలు చూడ్డానికి మంచి చోట్లు ఎక్కడ? సీనియర్లు చెప్పండి

కొత్తగా చేరిన విద్యార్థి:

అందరికీ నమస్కారం. పోయిన వారమే ఈ కరీబియన్ దీవిలోని కూపెకోయ్‌లో మెడిసిన్ మొదటి సెమిస్టర్‌లో చేరాను. మాది సికింద్రాబాద్. చిన్నప్పటి నుంచి నాకు విమానాల పిచ్చి, బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగినప్పుడల్లా తల ఎత్తుకుని నిలబడ్డవాణ్ణే. ఇక్కడ సీటు వచ్చిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ ఫీజుల గురించి మాట్లాడుకుంటుంటే నేను మ్యాప్‌లో కాలేజీకీ, ఎయిర్‌పోర్టు రన్‌వే కొసనే ఉండే మాహో బీచ్‌కీ ఎంత దూరమో చూసుకున్నాను. యూట్యూబ్‌లో చూపించినట్టు రన్‌వే కొసన ఉండే ఆ కంచె పట్టుకుని నిలబడాలని ఉంది. ఏ రోజు, ఏ టైమ్‌కి వెళ్లాలి? కారు లేదు. కెమెరాకి 18-55, 70-300 లెన్సులున్నాయి, సరిపోతాయా?

మూడో ఏడాది విద్యార్థి, కూపెకోయ్:

తమ్ముడూ, స్వాగతం. మిగతావన్నీ తర్వాత, ముందు కంచె సంగతి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఇక్కడ రన్‌వే పొడవు 2,300 మీటర్లు. పెద్ద విమానాలకు అది ఎక్కువేం కాదు, అందుకని టేకాఫ్ అయ్యేవి ఒక్క అడుగు కూడా వదులుకోకుండా పడమటి కొసకి వచ్చి, తోక మాహో బీచ్ వైపు, ముక్కు కొండల వైపు పెట్టి నిలబడతాయి. ఆ తోక వెనకే కంచె, కంచె వెనక రోడ్డు, రోడ్డు దాటితే ఇసుక. ఇంజిన్లు పూర్తి పవర్‌కి వెళ్లేసరికి ఆ వేడిగాలి అంతా కంచెలోంచి నేరుగా రోడ్డు మీదకి కొడుతుంది. 2017 జూలై 12న న్యూజిలాండ్ నుంచి వచ్చిన 57 ఏళ్ల ఆవిడ అలాగే కంచె పట్టుకుని నిలబడి, పట్టు జారి వెనక్కి పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయింది. అదేమీ జంబో జెట్ కాదు, మామూలు 737. రేపు న్యూరో పోస్టింగుల్లో తల గాయాలు చూడబోయేవాడివి, కాంక్రీటు అంచుకి తల తగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాణాలకే ప్రమాదమని అక్కడ పెద్ద బోర్డే ఉంది, దాని ముందు నిలబడి సెల్ఫీ దిగి మరీ కంచె ఎక్కేవాళ్లు రోజూ ఉంటారు. నువ్వు ఆ గుంపులో ఉండకు. మనిషి సంగతి అలా ఉంచు, గాలితోపాటు లేచే ఇసుక, చిన్న రాళ్లు నీ లెన్స్ ముందు గాజుని గీకేస్తాయి.

మాహోలో అసలు చూడాల్సింది టేకాఫ్ కాదు, ల్యాండింగ్. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది, విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి సముద్రం మీదుగా పడమటి నుంచి వస్తుంది. దిగే కోణం సుమారు 3 డిగ్రీలు, అంటే ముందుకు 100 మీటర్లు వస్తే 5 మీటర్లు కిందికి దిగుతుంది. రన్‌వే అంచు దాటేటప్పుడు 50 అడుగుల ఎత్తు దగ్గర ఉండాలనేది మామూలు లెక్క. ఆ అంచుకి బీచ్ ఎంత దగ్గరో వెళ్లి చూస్తే తెలుస్తుంది, చక్రాలు నెత్తి మీద నుంచి పోతున్నట్టే ఉంటుంది. ముందు చప్పుడేమీ ఉండదు, దూరంగా నీళ్ల మీద రెండు లైట్లు కదలకుండా ఆగిపోయినట్టు కనిపిస్తాయి, తర్వాత ఒక్కసారిగా పెద్దవైపోతాయి. నీడ ఇసుక మీద సర్రున పాకి మనల్ని దాటిపోయాక, ఒక క్షణం ఆగి గాలి చుట్టలు తిరుగుతూ కిందికి దిగి టోపీలు, తువ్వాళ్లు ఎగరగొడతాయి. టేకాఫ్ గాలితో పోలిస్తే అది చాలా తేలిక. ఇసుక మీద పక్కగా నిలబడి చూడు, ఆనందం ఏమీ తగ్గదు.

ఇంకో సంగతి. ఇక్కడ రన్‌వే పక్కన పూర్తి పొడవునా ట్యాక్సీవే, అంటే విమానాలు నడిచే పక్కదారి, లేదు. బయల్దేరే విమానం రన్‌వే మీదే పడమటి కొస దాకా నడిచి వచ్చి, మన కళ్ల ముందే గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరిగేటప్పుడు కాక్‌పిట్ కిటికీలోంచి పైలట్లు చెయ్యి ఊపడం కూడా కనిపిస్తుంది. ఆ ఫొటో తీసుకుని, ముక్కు తూర్పుకి తిరిగిందంటే వెంటనే పక్కకి వచ్చెయ్. తోకకి సూటిగా ఉన్న రోడ్డు ముక్క మీద ఆ టైమ్‌లో నడవడం కూడా వద్దు.

టైమ్ అంటావా, శనివారం మధ్యాహ్నం 12 నుంచి 3, మూడున్నర దాకా. న్యూయార్క్ నుంచి నాలుగు గంటలు, మయామీ నుంచి మూడు గంటల ప్రయాణం, పొద్దున్న అక్కడ లేచినవన్నీ ఆ వేళకి వరసగా దిగుతాయి. హోటళ్లలో వారం లెక్కన గదులు తీసుకునేవాళ్లు శనివారం మారతారు, అందుకే ఆ రోజు రద్దీ. యూరప్ నుంచి కేఎల్ఎం, ఎయిర్ ఫ్రాన్స్ పెద్ద విమానాలు ఏ రోజు వస్తాయో సీజన్‌ని బట్టి మారుతుంది, విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్ యాప్‌లో ముందురోజు రాత్రి చూసుకో. వీడియోల్లో చూసిన నీలం రంగు 747 కోసం మాత్రం ఎదురుచూడకు, కేఎల్ఎం దాన్ని 2016 అక్టోబర్‌లోనే ఆపేసింది.

ఫిలిప్స్‌బర్గ్ నుంచి ఒక అక్క:

బాబూ, పై తమ్ముడు చెప్పినదానికి నాది కూడా ఓటు. మా వారికి కూడా ఫొటోల పిచ్చి, ఆయన వెంట తిరిగి తిరిగి నాకు తెలిసినవి రాస్తున్నాను.

వెలుతురు ముఖ్యం. మాహో బీచ్‌కి దక్షిణం కొసన, బీకన్ హిల్ వైపు, సన్‌సెట్ బార్ ఉంటుంది. ఏ విమానం ఎన్నింటికి వస్తుందో అక్కడ ఒక సర్ఫ్ బోర్డు మీద రాసి పెడతారు. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుఫాను దాన్ని కూల్చేస్తే మళ్లీ కట్టుకున్నారు. ఉత్తరం కొసన పెద్ద హోటల్. చలికాలమంతా సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, కాబట్టి బార్ వైపు నిలబడితే ఎండ మన వీపు మీద, విమానం కుడి పక్క అంతా వెలుగులో. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు నెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు, అప్పుడు ఏ వైపు నిలబడ్డా పెద్ద తేడా ఉండదు, రెక్కల కింద నీడ ఎలాగూ తప్పదు. నాలుగు దాటాక సముద్రం వైపు కెమెరా పెడితే ఎండ ఎదురు కొడుతుంది, నల్లటి ఆకారాలే వస్తాయి, అవీ బాగుంటాయనుకో.

లెన్స్ విషయానికొస్తే, నెత్తి మీద దాటే పెద్ద విమానానికి నీ 18-55 చాలు, 70-300 దూరంగా వచ్చేదానికి. మధ్యలో మార్చబోకు, ఉప్పు గాలి, ఇసుక లోపలికి పోతాయి. జెట్ అయితే షట్టర్ 1/1000 దగ్గర పెట్టు. ట్విన్ ఆటర్ లాంటి ఫ్యాన్ల విమానానికి 1/200కి దించాలి, లేకపోతే ఫ్యాన్ రెక్కలు ఆగిపోయినట్టు పడి, గాల్లో విమానాన్ని బొమ్మలా వేలాడదీసినట్టుంటుంది. ఇంటికొచ్చాక కెమెరాని కొంచెం తడిబట్టతో తుడువు, ఉప్పు అంత తేలిగ్గా వదలదు. డ్రోన్ ఉంటే గదిలోనే పెట్టెయ్, ఎయిర్‌పోర్టు దగ్గర ఎగరేస్తే నేరుగా పోలీసులతోనే వ్యవహారం.

జనం అక్కర్లేదు అనుకుంటే సింప్సన్ బే బీచ్‌కి వెళ్లు. రన్‌వేకి దక్షిణంగా పొడవునా ఉంటుంది, మాహోలా కిటకిటలాడదు. తూర్పున కొండలున్నాయి కదా, లేచిన విమానం నేరుగా పోకుండా వెంటనే కుడి వైపుకి ఒరిగి సముద్రం మీదకి తిరుగుతుంది. ఆ ఒరిగినప్పుడు వీపు భాగం, రెండు రెక్కలూ పూర్తిగా కనిపించే ఫొటో ఈ దీవిలో ఇక్కడి నుంచే బాగా వస్తుంది. నన్నడిగితే మాహో కంటే నాకు ఇదే ఇష్టం. కోల్ బే కొండ ఎక్కితే రన్‌వే, లగూన్ (ఉప్పునీటి సరస్సు), పడవలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి, కాకపోతే దూరం ఎక్కువ, మధ్యాహ్నం వేడికి గాలి అల్లల్లాడి ఫొటో స్పష్టంగా రాదు. అక్కడికి పొద్దున్నే వెళ్లాలి.

మూడో ఏడాది విద్యార్థి:

అక్క చెప్పిన సింప్సన్ బే మాట నిజం, నేను మర్చిపోయాను. కారు గురించి: అక్కర్లేదు తమ్ముడూ. కూపెకోయ్ నుంచి మాహోకి ముల్లెట్ బే మీదుగా నడిచే వెళ్లొచ్చు, ఎండ తగ్గాక హాయిగా ఉంటుంది. మిగతా చోట్లకి వ్యాన్లు తిరుగుతాయి, నంబర్ ప్లేటు మీద బస్ అని, అద్దం మీద ఊరి పేరు ఉంటుంది. చెయ్యి ఊపితే ఆగుతుంది, దిగేచోట డ్రైవర్‌కి చెప్పాలి, ఎక్కగానే గుడ్ ఆఫ్టర్‌నూన్ అనడం ఇక్కడి మర్యాద. డాలర్లలోనే ఇవ్వచ్చు, చిల్లర ఉంచుకో. సింప్సన్ బే వంతెన పడవల కోసం పైకి లేచే వేళలు చూసుకో, అప్పుడు రోడ్డంతా ఆగిపోతుంది. ఇక్కడ బండ్లు రోడ్డుకి కుడి పక్కన పోతాయి, మనకి అలవాటైన వైపు చూసి దాటేయకు, విమానం మీద కన్నేసి అసలే దాటకు.

మాహోలో ఈత కొట్టాలనిపిస్తే అల జాగ్రత్త, ఒడ్డు దగ్గరే లోతు, వచ్చే అల కాళ్లు లాగేస్తుంది. చెవులకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. గాలి దిశ మారిన రోజుల్లో అంతా తిరగబడుతుంది, తూర్పు నుంచి దిగుతాయి, మాహో మీదుగా లేస్తాయి. అలాంటి రోజులు తక్కువ. ఫ్లైట్‌రాడార్‌లో దిశ చూసి బయల్దేరు.

కొత్తగా చేరిన విద్యార్థి:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. కంచె ఆలోచన మానేశాను, నిజంగా. 2017 సంగతి నాకు తెలియదు. ఇంకో ప్రశ్న: పక్క దీవులు సాబా, సెయింట్ బార్ట్స్ ఎయిర్‌పోర్టులు కూడా చూడాలని ఉంది. నాది ఇండియా పాస్‌పోర్ట్. మొదటి బ్లాక్ పరీక్షల తర్వాత వెళ్లొచ్చా?

ఫిలిప్స్‌బర్గ్ నుంచి ఒక అక్క:

బాబూ, ఆ రెండూ ఒకే రకం కాదు. సాబా డచ్ వాళ్లది, సెయింట్ బార్ట్స్ ఫ్రెంచ్ వాళ్లది. డచ్ కరీబియన్ దీవులన్నిటికీ ఒకే వీసా పద్ధతి కాబట్టి సాబా నీకు సులువు. ఫ్రెంచ్ దీవికి నిబంధనలు వేరు. ఇక్కడ మన దీవిలో డచ్ వైపు నుంచి ఫ్రెంచ్ వైపుకి గేటు లేకుండా నడిచి పోతున్నాం కదా అని సెయింట్ బార్ట్స్‌కి కూడా అలాగే వెళ్లొచ్చనుకోకు. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల పనులు చూసేవాళ్లని అడిగి, నీ కాగితాలు చూపించి, అప్పుడు టికెట్ కొను. ఎవరో వెళ్లొచ్చారని నువ్వు వెళ్లకు, వాళ్లది అమెరికా పాస్‌పోర్ట్ అయ్యుంటుంది.

సాబా తప్పకుండా చూడు. రన్‌వే 400 మీటర్లు, అంతే. రెండు కొసల్లోనూ కొండ తెగిపోయి కింద సముద్రం. ప్రయాణికుల విమానాలు దిగే రన్‌వేల్లో ప్రపంచంలోనే పొట్టిది. విన్‌ఎయిర్ వాళ్ల ట్విన్ ఆటర్‌లో పావుగంట ప్రయాణం, 19 సీట్లు, ముందు వరసలో కూర్చుంటే పైలట్ భుజం మీద నుంచి ఆ చిన్న నల్లటి గీత దగ్గరకొస్తుంటే చూడొచ్చు. ఆ దీవి మీద మొదటిసారి 1959లో విమానం దింపినాయన రేమీ ద హేనెన్. సెయింట్ బార్ట్స్‌లో 1945లో గడ్డి మైదానం మీద మొదట దింపిందీ ఆయనే, ఇప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే. అది సుమారు 650 మీటర్లు. ఒక కొస మీద కొండ మలుపు, దాని మీద రోడ్డు కూడలి, విమానం ఆ రోడ్డుని ఒరుసుకుంటూ దాటి గబుక్కున కిందికి వాలుతుంది. ఇంకో కొస నేరుగా బీచ్‌లోకే. అక్కడ దిగడానికి పైలట్లకి ప్రత్యేకంగా శిక్షణ ఉండాలి. వీసా కుదిరితే ఆ మలుపు దగ్గర, రోడ్డుకి పక్కగా నిలబడి చూడు, దారికి అడ్డంగా మాత్రం వద్దు.

మూడో ఏడాది విద్యార్థి:

ఒక మాట కలుపుతున్నాను. ఆగస్టు, సెప్టెంబర్‌లో టికెట్ కొంటే తుఫాను వచ్చి రద్దయితే డబ్బు వెనక్కిస్తారా లేదా చూసి కొను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ప్రైవేట్ జెట్లు పార్కింగ్‌కి చోటు లేనంతగా వస్తాయి, సెలవులకి ఇండియా వెళ్లకుండా ఇక్కడే ఉంటే ఆ పది రోజులు వదులుకోకు.

ఈ శనివారం నాకు క్లాసు లేదు. పదకొండున్నరకి కాలేజీ గేటు దగ్గరికి రా, నడిచి వెళ్దాం. నీళ్లు, టోపీ, సన్‌స్క్రీన్ తెచ్చుకో. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి.