అప్‌డేట్: కుక్క కంట్లో కదిలే తెల్ల దారం ఏంటో తేలింది

ఒక కంటి నుంచి ఆగని నీరు, పుసి, అప్పుడప్పుడు తెల్ల దారం లాంటిది కదలడం. ఇదీ నేనడిగింది. "మూడో రెప్ప కింద చూపించండి" అన్నవాళ్ల మాటే నిజమైంది, థాంక్స్.

వెట్ తేల్చింది థెలాజియా అనే కంటి పురుగు. పైకి ఏమీ కనపడలేదు. మత్తు చుక్కలు వేసి, కంటి లోపలి మూలనుండే మూడో రెప్పను ఎత్తితే ఆ ముడతలో పాలతెలుపు పురుగులు, సుమారు సెంటీమీటరు పొడవు, మెలికలు తిరుగుతూ. మొద్దు మొన ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే తీసి, ముడతంతా సెలైన్‌తో కడిగారు. ఇంట్లో పీకొద్దు. కుక్క తల విదిలిస్తే పట్టకారు మొన నేరుగా కార్నియాలోకే (కంటి ముందుండే పారదర్శక పొర). అసలే పురుగు ఒంటిమీద రంపపు పళ్లలాంటి అంచులుండి కన్ను గీసుకుపోయి ఉంటుంది.

చిన్న లార్వాలు (పిల్ల పురుగులు) కంటికి ఆనవు. అందుకే కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున మిల్బెమైసిన్ ఆక్సిమ్ అనే పురుగుల మందు, వారం తేడాతో రెండుసార్లు. కోలీ జాతి అయితే ముందే చెప్పాలి, ఈ కుటుంబం మందులు కొన్ని వాటికి పడవు.

యాంటీబయాటిక్ చుక్కలతో పుసి తగ్గింది, మళ్లీ వచ్చింది, అవి బ్యాక్టీరియాకే. పైరాంటెల్ నట్టల మందు పేగు దాటి పెద్దగా వెళ్లదు, కాబట్టి దండగే. కొందరు అనుమానించిన అలర్జీ, దోమలు కూడా కారణం కాదు.

మనుషులకు కుక్క నుంచి నేరుగా అంటదు. కన్నీళ్లు నాకే ఫోర్టికా అనే చిన్న ఈగ లార్వాలను మోస్తుంది, అవి దానిలో రెండు మూడు వారాలు ఎదిగాకే ఇంకో కంటికి చేరతాయి. మనిషికి వచ్చినా కంటి డాక్టర్ తీసేయడమే వైద్యం.